బుడతకీచుల దస్తర్‌ఖాన్

పోర్చుగీసు వంటల మీద వ్యాసాలు రాసి, ఆ పైసలతో గ్యాస్ బండ కొనుక్కునే ముసల్మాను ఆడమనిషి ఏలూరు మొత్తానికి నేనొక్కదాన్నే అనుకుంటా. షాదీల్లో ఎవరైనా "ఇప్పుడేం చేస్తున్నావమ్మా?" అని అడిగితే జవాబు చెప్పడానికి నాకు అయిదు నిమిషాలు పడుతుంది. "పేపర్లో చేసేదానివి కదా?" అంటారు. చేసేదాన్ని. పదిహేనేళ్ళు డెస్కులో కూర్చున్నా. జిల్లా పేజీలు తగ్గాయి, మనుషుల్ని తగ్గించారు, ఆ తగ్గినవాళ్ళలో నేనూ ఉన్నా. ఇప్పుడు ఇంట్లోంచే రాస్తున్నా, ఫ్రీలాన్స్. మా అమ్మీ దృష్టిలో ఫ్రీలాన్స్ అంటే బేకార్ అనే మాటకి ఇంగ్లీషు.

"దేని మీద రాస్తావు?" అని తర్వాతి సవాల్. పోర్చుగీసు వాళ్ళ తిండి, తెహజీబ్ అంటే ముందు నవ్వుతారు. ఆ తర్వాత "అయితే ఆ దేశం చూసొచ్చావన్నమాట" అంటారు. లేదు. నా పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు. ఉమ్రాకని తీయించిందది, ఇంకా పిలుపు రాలేదు. గోవా ఒక్కసారి వెళ్ళా, బందరు పదిసార్లు వెళ్ళా, అంతే నా సఫర్. నేను రాసేది లిస్బన్ వీధుల గురించి కాదు. మన దగ్గరికొచ్చి మన గిన్నెలో కూర్చున్న పోర్చుగల్ గురించి, మన దగ్గర్నుంచి వాళ్ళ గిన్నెలోకి వెళ్ళిన మన సామాను గురించి. దానికి విమానం ఎక్కక్కర్లేదు, తాడేపల్లిగూడెం పాసింజరు చాలు.

ఒక వ్యాసానికి పదిహేను వందలొస్తాయి, ఫొటోలు కూడా మనమే ఇస్తే రెండు వేలు. పెద్ద పత్రికయితే నాలుగు. అవి చేతికొచ్చేది మూడు నెలలకి. ఇది ఫిర్యాదు కాదు, రేటు చెబుతున్నా. మన పిల్లల్లో ఎవరికైనా ఈ పని మీద షౌఖ్ ఉంటే తెలిసుండటం మంచిది.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందంటే డిగ్రీలో. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఆ తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నా. ఉర్దూ చదివిన పిల్ల తెలుగు ఏం రాస్తుందని అటువాళ్ళు, ఇంత ఉర్దూ చదివి తెలుగులో పడిందేమిటని ఇటువాళ్ళు. ఆ రోజుల్లో నిఘంటువు తిరగేస్తుంటే 'బుడతకీచు' అనే మాట కనబడింది. బుడతడు, కీచురాయి కలిసి ఏదో పురుగు పేరులా లేదూ? అర్థం చూస్తే, పోర్చుగీసువాడు! పోర్చుగీస్ అనే పేరు మన రేవుల్లో నలిగి నలిగి బుడతకీచు అయింది. ఉర్దూలో వాళ్ళు పుర్తగాలీలు, తెల్లవాళ్ళందరితో కలిపి ఫిరంగీలు. ఆ ఫిరంగీ అన్న మాట తెలుగులోకొచ్చేసరికి మనిషి పేరు పోయి తోపు పేరు అయింది, ఫిరంగి. తెల్లవాడు ఈ తీరానికి ఏ రూపంలో గుర్తుండిపోయాడో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలదూ?

అరబ్బుల దగ్గరికెళ్తే అదే దేశం పేరు పండు అయిపోయింది. మా ఫుప్ఫూ కూతురు కువైట్‌లో ఆరేళ్ళు పనిచేసి వచ్చింది. నారింజ పండుని ఇప్పటికీ బుర్తుకాల్ అనే అంటుంది. పోర్చుగల్ అన్న మాటే అది. తియ్య నారింజని ఆ వైపంతా తిప్పింది పోర్చుగీసు వర్తకులు కాబట్టి టర్కీలో పోర్తకాల్, ఫార్సీలో పొర్తెగాల్. గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వెళ్ళి కష్టపడే మన ఆడవాళ్ళందరూ రోజూ పొద్దున ఆ దేశాన్ని పిండి సేట్లకి రసం తీసి ఇస్తున్నారన్నమాట.

ఒక వ్యాసం కోసం మా ఇంట్లోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ లెక్కపెట్టా. అల్మారీ పోర్చుగీసు మాట. దాని చాబీ కూడా. బాత్రూములో బాల్టీ, దండెం మీద తౌలియా, తెలుగులో అదే తువ్వాలు. చొక్కాకి బొత్తాం, చెల్లి జడకి ఫీతా, బట్టలకి ఇస్త్రీ. మేడ మీద మల్లెమొక్క గమ్లా. ఇల్లు కట్టిన మేస్త్రీ. ఫలహారం ప్లేట్లో అనన్నాస్, అదే మన అనాస. ఖీర్‌లో కాజూ. అమ్మీ ఆ లిస్టంతా విని, "తో హమారా క్యా హై జీ ఇస్ ఘర్ మే?" అంది. మరి మనదేముందే ఈ ఇంట్లో అని.

ఉంది. ఇంటర్నెట్‌లో ఇలాంటి లిస్టులు రాసేవాళ్ళు సాబూన్‌ని, కమీజ్‌ని కూడా పోర్చుగీసు ఖాతాలో వేసేస్తారు. అది నేను ఒప్పుకోను. సాబూన్ మనకి అరబీ, ఫార్సీల దారిలో వచ్చింది. కమీజ్ సంగతైతే సూరా యూసుఫ్ చదివిన పిల్లలు కూడా చెప్పగలరు. అన్నలు రక్తం పూసి తెచ్చింది యూసుఫ్ అలైహిస్సలామ్ ఖమీసు, తండ్రి కళ్ళకి చూపు తెచ్చింది ఆ ఖమీసే. వాస్కో డ గామా పుట్టడానికి ఎనిమిది వందల ఏళ్ళ ముందు మాట అది. వాళ్ళ కమీజా, మన కమీజ్ రెండూ అంతకన్నా పాత లాటిన్ మాటకి బంధువులు, ఒకదానికి ఒకటి పుట్టలేదు.

ఇక్కడే నా ఉర్దూ మీడియం పనికొచ్చింది. పోర్చుగీసు నాకు రాదు. వంటల పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటా. కానీ ఆలివ్ నూనెని వాళ్ళు 'అజెయ్‌త్' అన్నప్పుడు నాకు జైత్ వినబడింది. ఆలివ్ కాయ 'అజెయ్‌తోన', అంటే జైతూన్. 'అసఫ్రావ్' జాఫ్రాన్. బియ్యం 'అరోజ్', అరబీ అర్రుజ్. చక్కెర 'అసూకర్', దిండు 'అల్మొఫాద', దర్జీ 'అల్ఫయాత్', ఖయ్యాతే కదా. దేవుడు తలిస్తే అనడానికి వాళ్ళు ఈనాటికీ 'ఒషలా' అంటారు, అందులో అల్లాహ్ పేరుందని సగం మందికి గుర్తుండదు. లిస్బన్ 1147 దాకా ముసల్మానుల చేతిలో ఉన్న ఊరు. దక్షిణాన అల్గార్వ్ అనే ప్రాంతం పేరు అల్-గర్బ్, పడమర. 1249లో అది కూడా పోయింది. రాజ్యం పోయింది, వంటిల్లు పోలేదు. యూరప్‌లో మిగతావాళ్ళు పెద్దగా ముట్టని కొత్తిమీరని పోర్చుగీసు వాళ్ళు మనలాగే గుప్పెళ్ళతో వేస్తారు.

వాళ్ళ దక్షిణ జిల్లాల్లో బీదవాళ్ళ వంట ఒకటుంది, 'అసోర్ద'. వెల్లుల్లి, ఉప్పు, కొత్తిమీర రోట్లో నూరి, జైతూన్ నూనె పోసి, మరిగే నీళ్ళు పోసి, అందులో ఎండిపోయిన రొట్టె ముక్కలు వేస్తారు. పైన ఒక గుడ్డు. ఆ పేరు అరబీ 'అస్సుర్ద' నుంచి వచ్చింది, సరీద్ అనే మాట దానికి తోబుట్టువు. సరీద్ అంటే తెలుసుగా, షోర్బాలో నానబెట్టిన రొట్టె. ఆడవాళ్ళందరిలో హజ్రత్ ఆయిషా (రజి) స్థానం ఎలాంటిదో చెప్పడానికి మన ప్రవక్త (స) పోలిక తెచ్చిన వంట, బుఖారీలో ఉంది. మనింట్లో రాత్రి మిగిలిన రోటీని పొద్దున గోష్ షోర్బాలో తుంచి వేసుకోవడమూ అదే వంశం. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు నాలోనే దాచుకున్నా, ఈద్ చాంద్‌ని ముందుగా నేనే చూసినట్టు.

తెలుగు డిగ్రీ కూడా వూరికే పోలేదు. పోర్చుగల్‌లో జ్వరం వస్తే పెట్టేది 'కాంజ', కోడి షోర్బాలో బియ్యం వేసి కాచింది. అది మన గంజే. మలబారు తీరంలో కంజి అనే మాటని ఎక్కించుకుని వెళ్ళారు. గోవాలో ఉన్న పోర్చుగీసు హకీమ్ గార్సియా ద ఓర్త 1563లోనే తన మందుల పుస్తకంలో దాని పేరు రాశాడు. మామిడిపండు వాళ్ళకి 'మాంగ', అదీ ఆ తీరం నుంచే. మన సమోసా వాళ్ళ హోటళ్ళలో 'షముస', గోవా నుంచీ మొజాంబిక్ నుంచీ వెళ్ళినవాళ్ళు పట్టుకెళ్ళింది. మొజాంబిక్ నుంచి లిస్బన్ చేరిన ముసల్మానుల్లో చాలామంది మూలం మన గుజరాత్. వాళ్ళ పెద్ద మస్జిద్ 1985లో తెరిచారు.

వచ్చినవాటి సంగతి కొస్తే తాడేపల్లిగూడెం వెళ్ళాలి. అక్కడి ఉల్లిపాయల హోల్‌సేల్ మార్కెట్టు మీకు తెలిసే ఉంటుంది, లారీలు దిగేటప్పుడు వీధంతా కళ్ళు మండుతాయి. నేను వెళ్ళింది 'రెఫొగాదు' మీద రాయడానికి. పోర్చుగీసు వంట దాదాపు ప్రతిదీ దానితోనే మొదలవుతుంది, జైతూన్ నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి సన్నసెగ మీద మెత్తబడేదాకా మగ్గించడం. మన బగారు అన్నంలో మొదటి పది నిమిషాలు. ఒక హమాలీ భాయ్ బస్తా మీద కూర్చుని బీడీ ముట్టిస్తూ "మేడమ్, ఉల్లిపాయ గురించి రాస్తే ఎవరు చదువుతారు?" అన్నాడు. ఆ బీడీలో పొగాకు కూడా అదే జహాజుల దారిలో వచ్చిందని చెప్పా. నమ్మలేదు. పొగాకు జంగారెడ్డిగూడేనిది అన్నాడు. ఆయన కోణంలో అదీ నిజమే.

ఉల్లి, వెల్లుల్లి మన పాతకాపులే. కానీ ఆ మార్కెట్టు చుట్టూ ఒకసారి చూడండి. మిరపకాయలు, టమాటాలు, బంగాళాదుంపలు, మొక్కజొన్న, బొప్పాయి, జామ, సీతాఫలం, వేరుశెనగ. అమెరికా ఖండాల పంటలివన్నీ. అన్నిటినీ పోర్చుగీసు వాళ్ళే నేరుగా తెచ్చారని అనను. కొన్ని స్పెయిన్ వాళ్ళ దారిలో, కొన్ని ఇంగ్లీషు వాళ్ళ చేతిలో వచ్చాయి. మిరప, జీడిమామిడి, అనాస మాత్రం వాళ్ళ పద్దులోవే. మిరప ఎంత తెలివైందో చూడండి, వచ్చీ రాగానే ఇంటి పాత మనిషి పేరు పెట్టుకుంది. తెలుగులో మిరియం పక్కన మిరప. ఉర్దూలో మిర్చ్ అంటే అంతకుముందు మిరియమే. కొత్తది వచ్చి లాల్ మిర్చ్ అయింది, పాతది కాలీ మిర్చ్ అనిపించుకోవలసి వచ్చింది. అయిదు వందల ఏళ్ళ కింద ఈ జిల్లాలో ఏ వంటింట్లోనూ ఎర్ర కారం లేదు. నేను మిరపకాయ మీద రాసిన వ్యాసానికే అందరికన్నా ఎక్కువ ఫోన్లు వచ్చాయి, సగం తిట్టడానికి. గుంటూరు కారం ఫిరంగీలదంటావా అని.

కొల్లేరు వైపు వెళ్ళింది 'కల్దెయ్‌రాద' కోసం. జాలర్ల కూర అది. ఉల్లిచక్రాలు ఒక పొర, బంగాళాదుంప ఒక పొర, టమాటా ఒక పొర, రకరకాల చేపముక్కలు ఒక పొర, మళ్ళీ మొదటి నుంచి. మూతపెట్టి సన్నమంట మీద వదిలేస్తారు. గరిటె పెట్టరు, గిన్నె పట్టుకుని కుదుపుతారు. ఇది చదవగానే నాకు మా నానీ గుర్తొచ్చింది. చేపల పులుసులో ఎవరైనా గరిటె పెడితే చెయ్యి మీద కొట్టేది. కైకలూరు నుంచి బొచ్చె, కొర్రమీను తెచ్చి రెండుసార్లు చేశా. కొర్రమీను నిలబడింది, బొచ్చె ముళ్ళు పొరల్లో పడి పిల్లలు గోల చేశారు. అసల్ రెసిపీలో తెల్ల ద్రాక్షసారా పోస్తారు. నేను నిమ్మరసం, కాస్త సిర్కా వేస్తా. సిర్కా మంచి సాలన్ అని హదీసులో ఉండనే ఉంది.

ఈ హలాల్ సంగతి చాలామంది అడుగుతుంటారు. వాళ్ళ వంటలో సగం పంది, సగం సారా కదా, నువ్వెట్లా రాస్తున్నావని. మిగతా సగం చాలా పెద్దది. గోవా విందాలూ చూడండి. అందులో ఆలూ లేదు. అది 'విన్య ద ఆల్యుష్', ద్రాక్షసారా, వెల్లుల్లి. పంది మాంసాన్ని అందులో ఊరబెట్టి జహాజు మీద దాచుకునేవారు. గోవాలో సారా బదులు తాటి జాతి చెట్ల కల్లు సిర్కా వచ్చింది, పైన మన మసాలా చేరింది. పంది తీసేసి మేక గోష్‌తో చేస్తే ఏమీ తక్కువ కాదు. మా ఇంట్లో బక్రీద్ మూడో రోజు అదే. పంది లేకుండా మొదలైందని చెప్పే సాసేజ్ వాళ్ళలోనే ఒకటుంది, 'అల్యెయ్‌ర', కోడిమాంసం, రొట్టె కలిపి నింపేవారట. బలవంతంగా మతం మార్చిన యూదులు ఇరుగుపొరుగు కళ్ళలో పడకుండా ఉండటానికి కనిపెట్టారని అక్కడ చెప్పుకుంటారు. చూరుకి సాసేజ్ వేలాడని ఇంటిని అనుమానించే కాలం కదా. పక్కింటి గిన్నెలో ఏముందో వాసన పట్టే మనుషులు అన్ని దేశాల్లోనూ పుడతారు.

కొల్లేరులో ఇంకో తమాషా. పురుగుమందు కొట్టే ఒక రైతు భాయ్ చెరువు గట్టు మీద నిలబడి నాకు లెక్క చెప్పాడు. చెరువులో రూప్‌చంద్, అది అమెజాన్ నది చేప. పక్క చెరువులో వనామీ రొయ్య, పసిఫిక్ తీరంలో లాటిన్ అమెరికాది. సరస్సు మీద పచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్క, అదీ అమెజాన్ మొక్కే. ఇవేవీ పోర్చుగీసు వాళ్ళు తేలేదు, మొన్నమొన్న వచ్చినవి. కానీ ఆ సముద్రపు దారి మాత్రం మూతపడలేదు. దేశవాళీ వాలుగ, మట్టగిడస కోసం ఇప్పుడు వెతుక్కోవాలి. రేవులో చేపలు వేలం వేస్తున్నారు. వేలం, ఉర్దూలో నీలామ్, రెండిటి వెనకా పోర్చుగీసు 'లెయ్‌లావ్' ఉందంటారు. ఆ లెయ్‌లావ్ అరబీ నుంచి వెళ్ళిందని వాళ్ళ నిఘంటువులే చెబుతాయి. అరబీ నుంచి లిస్బన్, లిస్బన్ నుంచి గోవా, అక్కడి నుంచి కైకలూరు చేపల బుట్ట.

ఇప్పుడు అసలు సంగతి.

మా బడే అబ్బా ఉన్నారు, ఎనభై దాటాయి. తంగెళ్ళమూడిలో తివాచీల లెక్కలు రాసిన మనిషి, ఉర్దూ తారీఖ్ కితాబులు చదివే అలవాటు. నేనీ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక జుమా రోజు పిలిచి అడిగారు. "బేటీ, వాళ్ళు హాజీల జహాజు తగలబెట్టిన మనుషులు. వాళ్ళ హండీలో గరిటె తిప్పుతావా?" నేను "రెండూ రాస్తా బడే అబ్బా" అన్నా. ఆయన ఏమీ అనలేదు. నమ్మినట్టు కూడా కనబడలేదు.

పోయినేడాది ఒక పత్రికకి ఆరు వ్యాసాల వరస ఒప్పుకున్నా, ఒక్కోటి నాలుగు వేలు. పేరు చెప్పను. నాలుగు వచ్చాయి, బాగా చదివారు. అయిదోది మిరియాలు, జహాజుల మీద. అందులో ఒక పేరా ఉంది. ఎడిటర్ గారు ఫోన్ చేసి చాలా మర్యాదగానే చెప్పారు. "ఫుడ్ పేజీ కదండీ, ఆదివారం పొద్దున జనం టిఫిన్ చేస్తూ చదువుతారు. రక్తం ఎందుకు? ఆ ఒక్క పేరా తీసేద్దాం." నేను, మిరియాల గురించి రాస్తూ అది తీసేస్తే మిగిలేది వ్యాపార ప్రకటన అన్నా. "మీరు ఫలానా కాబట్టి అలా అనిపిస్తోందేమో" అన్నారు. నేను వ్యాసం వెనక్కి తీసుకున్నా. ఆరోది వాళ్ళు అడగలేదు. ఎనిమిది వేలు.

ఆ పేరా ఇది. మీ ఇళ్ళలో పిల్లలు స్కూల్లో వాస్కో డ గామా అంటే 1498, కాలికట్ అని ఒక మార్కుకి చదువుతారు కాబట్టి పూర్తిగా ఇస్తున్నా.

"1496 డిసెంబరులో పోర్చుగల్ రాజు మాన్యుయెల్ తన దేశంలోని యూదులూ ముసల్మానులూ వెళ్ళిపోవాలని ఫర్మానా ఇచ్చాడు. మరుసటి ఏడు అదే రాజు గామాని హిందుస్తాన్ పంపాడు. 1498 మే నెలలో కాలికట్ ఒడ్డున గామా మనిషికి మొదట ఎదురైంది ఇద్దరు ట్యునీషియా ముసల్మానులు. 'సైతాన్ తీసుకెళ్ళా, నిన్నెవరు తెచ్చారిక్కడికి?' అన్న అర్థంలో వాళ్ళు పలకరించారు, అదీ స్పెయిన్ భాషలో. క్రైస్తవుల కోసం, మసాలా దినుసుల కోసం వచ్చామని జవాబు. 1502లో గామా రెండోసారి వచ్చినప్పుడు మలబారు తీరంలో మీరీ అనే జహాజుని పట్టుకున్నాడు. మక్కా నుంచి తిరిగి వస్తున్న జహాజు. అందులో హజ్ చేసి వస్తున్నవాళ్ళు, వందల మంది, ఆడవాళ్ళూ పిల్లలూ. సొమ్మంతా ఇస్తామన్నా వినలేదు, దోచుకుని నిప్పు పెట్టించాడు. తల్లులు చంటిబిడ్డల్ని పైకెత్తి చూపించి జాలి కోరారని రాసింది మన మౌల్వీలెవరో కాదు, ఆ నౌకాదళంలోనే ఉన్న తోమె లోపెష్ అనే పోర్చుగీసువాడు. ఆ తర్వాత ఈ సముద్రం మీద నడిచే జహాజుకి పోర్చుగీసు వాళ్ళ చీటీ కావాలి, దాని పేరు 'కర్తాజ్'. అది లేకపోతే సరుకు పోతుంది, ప్రాణం పోవచ్చు. హజ్‌కి వెళ్ళే జహాజైనా అంతే. ఆ చీటీ మీద మర్యమ్, ఈసా బొమ్మలుండేవని, అలాంటి కాగితం పట్టుకుని వెళ్ళవలసి వస్తే హజ్ ఫర్జ్ అవుతుందా కాదా అని అక్బర్ కాలపు ఉలమాలు ఫత్వాల దాకా వెళ్ళారు. పొన్నానిలో షేక్ జైనుద్దీన్ మఖ్దూమ్ ఈ దుఃఖమంతా అరబీలో రాసి, ఆ కితాబుకి తుహ్ఫతుల్ ముజాహిదీన్ అని పేరుపెట్టి, బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షాకి అంకితమిచ్చారు."

ఇంతే. ఇందులో నా అభిప్రాయం ఒక్క ముక్క లేదు. బందరు మన పక్కనే ఉంది, గోల్కొండ వాళ్ళ పెద్ద రేవు, అక్కడి నుంచి ఎర్రసముద్రం రేవులకి జహాజులు వెళ్ళేవి. మన జిల్లాల నుంచి హజ్‌కి బయల్దేరిన పాత కాలం మనుషులు ఏ సముద్రం మీద ఎవరికి భయపడుతూ వెళ్ళారో తెలియకుండా, వాళ్ళు పెట్టిన కారం రుచి మాత్రం నేను వర్ణించాలా? ఇదే బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది, ఫ్రెంచిపేట ఉంది. బుడతకీచుల పేరుతో పేట నాకు తగల్లేదు. వాళ్ళ పేట మన వంటింట్లో ఉంది.

అలాగని రెండో వైపు వాళ్ళకీ నేను నచ్చను. ఆ పేరా నచ్చిన ఒక సాహెబ్ ఫోన్ చేసి, "బహోత్ అచ్ఛా. ఇక వాళ్ళ వంటలు రాయడం మానేయండి" అన్నారు. ఎందుకు మానాలి? రొట్టెని కొత్తిమీర నీళ్ళలో తుంచుకునే ఆ రైతు మీరీని తగలబెట్టలేదు. వెళ్ళగొట్టిన ముసల్మానుల సరీద్‌ని అయిదు వందల ఏళ్ళు పేరుతో సహా కాపాడింది అతని ఇంటి ఆడవాళ్ళే. రాజు ఫర్మానాలో ఆ వంట పేరు లేకపోబట్టి మిగిలింది.

ఎనిమిది వేలు పోయిన వారం ఇంట్లో నిన్నటి పావ్ రొట్టె ఉంది, కొత్తిమీర కట్ట ఉంది, గుడ్లు ఉన్నాయి. జైతూన్ నూనె మా చెల్లెలు జోళ్ళకి రాసుకోవడానికి కొన్న చిన్న సీసా, అందులోదే రెండు చెంచాలు తీశా. బడే అబ్బాకి పళ్ళు లేవు, రాత్రిళ్ళు మెత్తటివే తింటారు. అసోర్ద చేసి గిన్నెలో పోసి ఇచ్చా. పేరు చెప్పలేదు. ఆయన బిస్మిల్లా అని ఒక చెంచా తీసుకుని, కాసేపు నోట్లో ఉంచుకుని, "గోష్ లేని సరీద్" అన్నారు.

"పుర్తగాల్‌ది బడే అబ్బా."

ఆయన తినడం ఆపలేదు. సగం అయ్యాక అడిగారు. "జహాజు సంగతి రాశావంట. వేయలేదంట."

"లేదు."

"కుంజాలి మరక్కార్ సంగతి కూడా రాయాలి నువ్వు. నాలుగో కుంజాలిని గోవా తీసుకెళ్ళి చంపారు, 1600లో. వాళ్ళ జహాజుల్లో ఏం తినేవాళ్ళో కూడా వెతుకు, నీకు కావలసింది అదేగా." గిన్నె వంచి అడుగు నీళ్ళు తాగి, "ఇందులో లాల్ మిర్చ్ కొంచెం పడాలి" అన్నారు. తర్వాత తువ్వాలుతో మూతి తుడుచుకుని, "దానికి ఎంతిస్తారు?" అని అడిగారు.

ఎవరిని అడగాలో చూడాలి అన్నా.